కాలువ చివరి పట్టణాలు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో తాగునీరు, సాగునీరు కలిపి ప్రణాళిక

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల తాగునీటి సమస్యను పురపాలక సంఘాలకు మాత్రమే సంబంధించినదిగా భావించటం పరిపాటి. అయితే ఈ పట్టణాల కుళాయిలకూ, చుట్టుపక్కల వరి, ప్రత్తి, మిరప పొలాలకూ ప్రధానాధారం ఒక్కటే. అది తుంగభద్ర దిగువ కాలువ. కాబట్టి పట్టణ నీటి ప్రణాళికను రూపొందించే విధాన నిపుణుడు పైరును, పంటకాలాన్ని అర్థం చేసుకోవాలి. అదేవిధంగా విస్తరణ శాస్త్రవేత్త పట్టణ అవసరాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నేపథ్యం

హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపుల ప్రకారం దిగువ కాలువలో ఆంధ్రప్రదేశ్ వాటా 24 టి.ఎం.సి.లు. పశ్చిమ కర్నూలులో ఈ కాలువ కింద సుమారు 1.51 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఆరంభంలో 133 టి.ఎం.సి.లుగా ఉన్న జలాశయ సామర్థ్యం పూడిక వల్ల సుమారు 105.8 టి.ఎం.సి.లకు తగ్గింది. అంటే తగ్గిన సామర్థ్యం మన దిగువ కాలువ వాటా కంటే ఎక్కువ. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి నీరు వృథాగా పోవటంతో, ఒకే ఆధారంపై నిలిచిన ప్రాంతం ఎంత బలహీనమైనదో మరొకసారి వెల్లడైంది.

అవసరం ఎంత?

2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోనిలో సుమారు 1.66 లక్షలు, ఎమ్మిగనూరులో సుమారు 95 వేల మంది ఉన్నారు. తలసరి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో గణిస్తే రెండు పట్టణాలకు కలిపి రోజుకు 3.53 కోట్ల లీటర్లు, ఏడాదికి 0.46 టి.ఎం.సి. కావాలి. ఇది 24 టి.ఎం.సి.లలో రెండు శాతం కూడా కాదు. నాటికీ నేటికీ పెరిగిన జనాభాను, సరఫరా నష్టాలను కలుపుకున్నా ఈ అవసరం కాలువ వాటాలో స్వల్ప భాగమే.

కాబట్టి ఇక్కడి చిక్కు పరిమాణంలో కంటే కాలంలోనే ఎక్కువగా ఉంది. కాలువ కట్టివేసిన తరువాత వేసవి నెలలు గడవటానికి బసలదొడ్డి వంటి వేసవి నిల్వ చెరువులే ఆధారం. 120 రోజులకు రెండు పట్టణాలకూ దాదాపు 0.15 టి.ఎం.సి. నిల్వ ఉండాలి. రోజుకు 8 మి.మీ. చొప్పున ఆవిరైతే ఆ కాలంలో సుమారు ఒక మీటరు నీరు పోతుంది. సగటు లోతు 4 మీటర్లున్న చెరువుకు ఇది నిల్వలో నాలుగోవంతు. అంతే పరిమాణాన్ని రెట్టింపు లోతులో నిలిపితే నష్టం సగమవుతుంది. పూడిక తీయటం, లోతు పెంచటం విస్తీర్ణం పెంచటం కంటే మేలని ఈ లెక్క సూచిస్తుంది.

భారం ఎవరిపై?

జాతీయ జలవిధానం (2002) తాగునీటికి ప్రథమ ప్రాధాన్యమిచ్చింది. కాని నిల్వ తరిగిన తరువాత ఆ ప్రాధాన్యాన్ని అమలుచేస్తే, నీటిని నమ్మి విత్తిన చివరి ఆయకట్టు రైతు పైరు మధ్యలో ఎండుతుంది. పట్టణం దప్పిక తీర్చిన ఖర్చు ఆ రైతు ఒక్కడే భరించటం న్యాయం కాదు. ఈ ప్రాంతం నుండి మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు ఏటా వలసపోతున్న పరిస్థితిలో, ఒక పంట నష్టం మరికొన్ని ఇళ్లకు తాళం వేయిస్తుంది.

దీనికి పరిష్కారం ముందస్తు ప్రకటన. రబీ విత్తనానికి ముందే పట్టణాల వేసవి నిల్వను మినహాయించి, మిగిలిన నీటికి సరిపడే విస్తీర్ణాన్ని, కాలువ కట్టివేసే తేదీని తెలియజేయాలి. నీరు తక్కువైన ఏడాది నల్లరేగడి నేలల్లో శనగ మేలైన ప్రత్యామ్నాయం. నంద్యాల పరిశోధనా స్థానం నుండి వెలువడిన ఎన్.బి.ఇ.జి.–3, ఎన్.బి.ఇ.జి.–49, యంత్రపు కోతకు అనువైన ఎన్.బి.ఇ.జి.–47 రకాలు అందుబాటులో ఉన్నాయి. 1,200 మి.మీ. నీరు తీసుకునే ఎకరం వరి దాదాపు వందమంది పట్టణవాసుల ఏడాది నీటితో సమానమని గుర్తుంచుకోవాలి. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు ఈ సమాచారాన్ని సకాలంలో రైతుకు చేర్చగలవు.

పట్టణం తిరిగి ఇవ్వగలిగినది

సరఫరా అయిన నీటిలో 80 శాతం మురుగునీరుగా మారుతుందని సాధారణ అంచనా. ఆ లెక్కన రోజుకు సుమారు 2.8 కోట్ల లీటర్లు లభిస్తాయి. శుద్ధిచేసి, పైరుకు రోజుకు 6 మి.మీ. చొప్పున ఇస్తే దాదాపు 470 హెక్టార్లకు సరిపోతుంది. ప్రత్తికి, పశుగ్రాసానికి వాడవచ్చు. పచ్చిగా తినే కూరగాయలకు వాడరాదు. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన పట్టణం కనుక అద్దకపు నీటిని గృహ మురుగుతో కలపకుండా వేరుగా శుద్ధిచేయాలి. లవణీయతను క్రమంగా పరీక్షించకపోతే నల్లరేగడి నేలలు దెబ్బతింటాయి.

ముగింపు

పురపాలక ఇంజనీరు, నీటిపారుదల అధికారి, వ్యవసాయ శాస్త్రవేత్త ఏటా అక్టోబరులో ఒకచోట కూర్చొని ఒకే నీటి పట్టికను తయారుచేయటం ఈ ప్రాంతీయ ప్రణాళికకు తొలిమెట్టు. దానికి కొత్త ఆనకట్ట అవసరం లేదు. వేసవిలో పట్టణానికి నీరందటం, చివరి మడి రైతు తన పైరును ఇంటికి తెచ్చుకోవటం, ఈ రెండూ నెరవేరిననాడే ఆ పట్టిక సరైనదని చెప్పవచ్చు.