సముద్రం అడుగు చేపలు తగ్గాయా? ఎలా తేలుస్తారంటే..

చందువా, టేకు, గులివింద.. ఇవి సముద్రం అడుగున, లేదా అడుగుకు దగ్గర్లో తిరిగే చేపలు. ఇవి తగ్గిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? హార్బర్‌కి ఎన్ని టన్నులొచ్చాయో చూస్తే చాలదు. బోట్లు పెరిగినా, వేట రోజులు పెరిగినా టన్నులు పెరుగుతాయి. అందుకే సైంటిస్టులు మూడు విషయాలు చూస్తారు.

* గంటసేపు వల లాగితే ఎన్ని కిలోలు పడ్డాయి? విశాఖ నుంచి ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా నౌకలు ఈ సర్వే చేస్తాయి.

* పడినవాటిలో గుడ్లు పెట్టే వయసు రానివి ఎన్ని? దీనికోసం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ సిబ్బంది హార్బర్లలో చేపల పొడవు, బరువు కొలుస్తారు.

* కొత్తగా పుట్టి పెరిగేవాటి కంటే పట్టేవే ఎక్కువా?

గంటకు పడేది తగ్గుతూ, సైజు కూడా చిన్నదవుతుంటే డేంజర్ సిగ్నలే!

2022లో దేశవ్యాప్తంగా 135 చేప నిల్వల్ని పరిశీలించిన సీఎంఎఫ్‌ఆర్‌ఐ, 91.1 శాతం బాగానే ఉన్నాయని తేల్చింది. అలాగని ధీమా పనికిరాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో ఇంజిన్ బోట్ల వేట బంద్. తర్వాత సన్నకన్ను వలలతో పిల్లల్నీ ఊడ్చేస్తే, అన్నాళ్లు పనిలేక ఇంట్లో కూర్చున్న మత్స్యకారుల త్యాగం వృథానే.

సముద్రానికి దూరంగా వత్సవాయిలో ఉన్నా ఓ పని చేయొచ్చు. అరచేతిలో సగం కూడా లేని చందువా చవగ్గా దొరికితే కొనకండి. అది గుడ్లు పెట్టకముందే వలలో పడింది.