ఆటగాండ్ర కొనుగోలు – జట్టు కూర్పు : ఒక పరిశీలనము

ఆట మైదానమున జరుగుట లోకమునకు గన్పట్టును. కాని జట్టు గెలుపోటములలో పెక్కుభాగము ఆట లేని మాసములలోనే నిర్ణయింపబడుచున్నది. ఎవరిని నిలుపుకొనవలెను, ఎవరిని విడువవలెను, చేతనున్న ధనమును ముందుగా దేనికి వెచ్చింపవలెను అను మూడు ప్రశ్నలకు యాజమాన్య మిచ్చు సమాధానమే రాబోవు సంవత్సరమునకు పునాది. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములందలి తెలుగు కుటుంబములకు క్రికెట్టు కొత్త కాదు. అయినను వేలమువార్తలు వినునపుడు కోట్ల సంఖ్యలే చెవిని బడును గాని వాని వెనుకనున్న లెక్క తెలియరాదు. ఆ లెక్క యెట్టిదో, అందు ఆటగానికి గల స్వాతంత్ర్య మెంతయో ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

పూర్వరంగము

చెన్నపురిలో భారతీయుల క్రికెట్టునకు మూలపురుషుడు మోతవరపు వేంకట మహీపతి నాయుడు. బుచ్చిబాబు నాయుడను పేర ప్రసిద్ధుడు. ఆయన 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించెను. ఆనాడు జట్టులోనికి వచ్చుటకు స్నేహము, ప్రోత్సాహము చాలెడివి. తరువాత రాజాశ్రయకాలము వచ్చినది. 1923లో హోల్కరు మహారాజు కఠారి కనకయ్య నాయుడుగారిని ఇందూరునకు రావించి, తన సైన్యమున కాప్టెను పదవి నొసగెను. ఆ నాయుడుగారు నాటిన బీజమే కాలక్రమమున ఫలించి హోల్కరు జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీని గెలుచుకొనెను.

విజయనగర రాజవంశీయుడగు విజయానంద గజపతిరాజు మరియొక మార్గమును ద్రొక్కెను. 1930–31లో ఆంగ్లజట్టు పర్యటన నిలిచిపోగా, ఆయన స్వంత ధనముతో జట్టును గూర్చి, ఇంగ్లండు దేశపు మేటి బాట్స్‌మెన్ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి భారత, సింహళ దేశములందు ఆడించెను. కాని ధనముతో జట్టును గూర్చుట వేరు, జట్టును నడపుట వేరు. 1936లో ఇంగ్లండునకు వెడలిన భారతజట్టునకు ఆయనయే నాయకుడు కాగా, మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులాడి సాధించినవి 33 పరుగులు మాత్రమే. జట్టు రెండు టెస్టులలో నోడినది.

బేస్‌బాల్ నేర్పిన పాఠము

ఆటగాని స్వాతంత్ర్యమును గూర్చిన వివాదము మిక్కిలి తీవ్రముగా నడచినది అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటలో. అచ్చట 1879 నుండి ఒక కట్టుబాటు క్రమముగా వ్యాపించినది. ఒప్పందకాలము ముగిసినను ఆటగాడు పూర్వపు జట్టునకే చెందియుండును. జట్టు విడిచిననే తప్ప మరియొకచోట నాడరాదు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అను ఆటగానిని ఫిలడెల్ఫియాకు మార్పిడి చేయగా, ఆయన పోవ నిరాకరించి న్యాయస్థానము నాశ్రయించెను. 1972లో అత్యున్నత న్యాయస్థానమున ఆయన యోడిపోయెను. కాని 1975 డిసెంబరు 23వ తేదీన మధ్యవర్తి పీటర్ సైట్జ్, ఒప్పందములేక ఒక సంవత్సర మాడిన యిద్దరు ఆటగాండ్రు స్వతంత్రులని తీర్పు చెప్పెను. తరువాత యజమానులకు, ఆటగాండ్ర సంఘమునకు కుదిరిన ఒడంబడిక ననుసరించి, ఆరు సంవత్సరముల సేవ ముగించి, ఒప్పందము తీరిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో మాటలాడుకొనవచ్చును. ఆటలేని శీతకాలమున అచ్చటి జట్లు తమ లోటులను లెక్కించుకొని ఇట్టి స్వతంత్రులకై పోటీపడును.

వేలము

భారతదేశమున 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగు వేరొక పద్ధతి నవలంబించినది. ఇచ్చట ఆటగాడు తన కనీసమూల్యమును మాత్రమే చెప్పును. ఏ జట్టు అధికముగా పాడునో ఆ జట్టునకు పోవును. ధరను నిర్ణయించుటలో బేస్‌బాల్ ఆటగానివలెనే లాభము పొందవచ్చును గాని, స్థలమును నిర్ణయించుటలో నోరు లేదు. జట్టునకును హద్దులు గలవు. 2025 పోటీలకై 2024 నవంబరు 24, 25 తేదీలలో జెడ్డా నగరమున జరిగిన మహావేలమున ఒక్కొక్క జట్టునకు 120 కోట్ల రూపాయలు పరిమితి. ఆటగాండ్రు 18కి తగ్గరాదు, 25ను మించరాదు. అందు విదేశీయులు ఎనమండుగురికి మించరాదు. ఒక ఆటకు దిగు పదునొకండుగురిలో విదేశీయులు నలుగురే.

ఈ హద్దులలో వివేకముగల యాజమాన్యము పాటించు క్రమము నాలుగు సూత్రములుగా జెప్పవచ్చును.

మొదటిది, పేరునకు గాక ఖాళీకి వెల కట్టుట. 2008లో డెక్కన్ చార్జర్స్ జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొనెను. మేటి బాట్స్‌మెన్ పెక్కుర కలిగియు ఆ సంవత్సరము అట్టడుగున నిలిచెను. వి.వి.యస్. లక్ష్మణ్ తనకు రాదగిన విశేషస్థానమును, దానితోడి అధికధనమును వదలుకొని, ఆ ధనము జట్టుకూర్పునకు మిగులునట్లు చేసెను. ఆ త్యాగమును మరువరాదు. మరుసటి యేడు అదే జట్టు విజేత యయ్యెను.

రెండవది, నిలుపుకొనదగినవారిని ముందు నిలుపుకొనుట. 2025 పోటీలకై సన్‌రైజర్స్ హైదరాబాదు ఐదుగురను 75 కోట్లకు నిలుపుకొనెను. వారిలో విశాఖపట్టణవాసి నితీశ్ కుమార్ రెడ్డి యొకడు. 20 లక్షలకు చేరిన ఆ యువకుడు 6 కోట్లకు నిలుపబడెను. తక్కిన జట్టంతయు మిగిలిన 45 కోట్లతోనే కూర్పవలసివచ్చెను. నిలుపుకొనుట యెంత లాభమో అంత భారమని యిందువలన తేలుచున్నది.

మూడవది, వయస్సును అనుభవముతో తూచుట. 2018లో చెన్నై సూపర్ కింగ్స్ గుంటూరువాడగు అంబటి రాయుడును 2 కోట్ల 20 లక్షలకు కొనెను. ముప్పదిరెండేండ్లవాడగు ఆయన ఆ యేడు 602 పరుగులు చేయగా జట్టు కప్పును గెలిచెను. కాని అనుభవమునే నమ్ముకొన్నచో ప్రమాదము లేకపోలేదు. అదే చెన్నై జట్టు 2025లో చిట్టచివర నిలిచినది.

నాలుగవది, ఇంటిముంగిటి ప్రతిభను ముందు గుర్తించుట. తమిళనాడు ప్రీమియర్ లీగు 2023లో తొలిసారి వేలము జరుపగా, కోయంబత్తూరు జట్టు సాయి సుదర్శన్‌ను 21 లక్షల 60 వేలకు కొనెను. అప్పటికి ఇండియన్ ప్రీమియర్ లీగులో ఆయన వెల 20 లక్షలే. దూరపు జట్లకంటె దగ్గరి జట్టే ఆయన విలువను సరిగా నంచనా వేసినదని చెప్పవలెను. 2025లో ఆయన 759 పరుగులతో ఆ పెద్దపోటీలలో అందరికంటె నగ్రస్థాన మలంకరించెను.

తిరువళ్లూరు పేరు, తిరుత్తణి బాలుడు

2016లో ఆరంభమైన తమిళనాడు ప్రీమియర్ లీగులో తిరువళ్లూరు వీరన్స్ అను జట్టుండెను. ఊరిపేరు వహించినను దాని ఆటలు తిరువళ్లూరున జరుగలేదు. ఆ యేడు పోటీలన్నియు చెన్నై, నత్తము, తిరునల్వేలి అను మూడు స్థలములకే పరిమితములు. పిమ్మట ఆ జట్టు కాంచీ వీరన్స్ అని పేరు మార్చుకొనెను. 2021లో దాని స్థానమున నెల్లై రాయల్ కింగ్స్ వచ్చెను. ఊరిపేరు యజమాని చేతిలోని సొత్తేగాని ఊరివారికి దానిపై హక్కు లేదు.

తిరుత్తణి విషయమున మరియొక చిక్కు గలదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆ ప్రాంతము చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. నగరిలోని మేనమామ కొడుకు ఆంధ్ర జట్టునకై ప్రయత్నించును. తిరుత్తణిలోని మేనత్త కొడుకు తమిళనాడు జట్టునకై ప్రయత్నించును. మాట యొకటే, పండుగ లొకటే, ఆటలో త్రోవలు రెండు. అయినను సరిహద్దు దాటరానిది కాదు. ఇందూరున స్థిరపడిన కనకయ్య నాయుడుగారు 1953–54లో, ఏబదియెనిమిదవ యేట, నూతనముగా నేర్పడిన ఆంధ్ర జట్టునకు వచ్చి నాయకత్వము వహించిరి. ఆ కూర్పునకు వెల కట్టినవారు లేరు. అభిమానమే దాని మూల్యము.

జెడ్డా వేలమునకు పేరు నమోదు చేసికొన్నవారు 1,574 మంది. అమ్ముడుపోయినవారు 182 మంది. ఎనమండుగురిలో నొక్కరైనను కాలేదు. వారందరును ఏండ్ల తరబడి కృషిచేసి పేరు నమోదు వరకు రాగలిగినవారే. ఈ సంఖ్య బాలుర నిరుత్సాహపరచుటకు గాదు, తల్లిదండ్రులు గమనించుటకు. బాలునకు ఏ నైపుణ్యము గలదో, జట్లకు ఏ లోటు గలదో ఆ రెండింటిని కలిపి చూచుట, చదువును విడువకుండుట, ఈ రెండును గృహస్థులు పాటింపదగిన సూత్రములు. ఊరిపేరు జెర్సీపై వ్రాసికొన్న జట్టు ఏనాడైన పేరు మార్చుకొనవచ్చును. ఊరిలోని మైదానము, సాయంకాలము పిల్లల కాట నేర్పు పెద్దలు, తోటివారి ప్రోత్సాహము మాత్రము వేలమునకు వచ్చునవి కావు. బుచ్చిబాబు నాయుడుగారు చెన్నపురికి ఒసగినది అట్టిదే. దానిని నిలుపుకొనుటయే తిరువళ్లూరు, తిరుత్తణి తెలుగువారి ప్రథమకర్తవ్యము.