బాత్‌రూమ్ తలుపు మారుస్తున్నారా?

కిందటి శ్రావణమాసంలో ఓ పొద్దున మా అత్తయ్యగారు స్నానానికి వెళ్ళి జారిపడ్డారు. లోపల గడియ వేసి ఉంది. తలుపేమో వారం రోజుల ముసురుకి ఉబ్బి బిగుసుకుపోయింది. పైగా లోపలికి తెరుచుకునే తలుపు. గట్టిగా తోద్దామంటే ఆవిడ దానికి అడ్డంగా పడి ఉన్నారు! చివరికి మావారు తలుపు పైసగం పగలగొట్టి మా అబ్బాయిని లోపలికి దింపితే, వాడు మామ్మని మెల్లగా పక్కకి జరిపి గడియ తీశాడు. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు.

ఆ తలుపు పట్టేస్తోందని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం. వానాకాలం రాగానే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించడం, ఎండాకాలం సందు పడితే సణుక్కోవడం. అంతే! ఆ రోజుతో బుద్ధొచ్చి తలుపే మార్పించేశాం. అప్పుడు తెలుసుకున్న నాలుగు సంగతులు మీకూ చెబుతాను.

ఎటు తెరుచుకోవాలి?

పెద్దవాళ్ళున్న ఇంట్లో బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకోవడమే మంచిది. లోపల మనిషి పడిపోయినా తియ్యొచ్చు. అయితే పాత ద్వారబంధానికి తలుపు ఆనే గాడి లోపలివైపు ఉంటుంది కాబట్టి, ఉన్న రెక్కని ఇటు తిప్పి బిగిస్తే కుదరదు. ద్వారబంధం కూడా మార్చాలి. మాది ఎలాగూ అడుగున చివికిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిండిలా రాలింది. అందుకని గ్రానైట్‌ది పెట్టించాం. దానికి నీళ్ళ భయం, చెదల భయం లేవు.

ద్వారబంధం మార్చే వీలు లేనివాళ్ళు గడియైనా మార్చుకోండి. బయటినుంచి నాణెంతో తిప్పి తీసే గడియలు దొరుకుతున్నాయి.

ఏ రకం తలుపు?

బోలుగా ఉండే పి.వి.సి. తలుపు తేలిక, చౌక, నానదు. కానీ వాడగా వాడగా స్క్రూలు వదులైపోతాయి. ఫ్లష్ డోరు గట్టిదే గానీ అంచుల్లోంచి తడి పీలుస్తుంది. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూ.పి.సి. తలుపు కాస్త బరువు, ఖరీదూ ఎక్కువే. అయినా ఉబ్బదు, చెద పట్టదు. మేం అదే తీసుకున్నాం.

కొలత, బిగింపు

కొత్త తలుపుకి పాత తలుపు కొలత ఇవ్వకండి. ఎన్నిసార్లు చిత్రిక పట్టారో ఏమో! ద్వారబంధాన్నే పైన, మధ్య, కింద మూడుచోట్ల కొలిచి, తక్కువ వచ్చిన కొలత తీసుకోవాలి. పక్కల 3 మిల్లీమీటర్లు, కింద ఓ అరంగుళం సందు ఉండాలి.

బందులు రెండు చాలంటాడు వడ్రంగి. ఒప్పుకోకండి. 4 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలువి మూడు వేయించండి. మామూలు ఇనుపవి తుప్పు పట్టి తలుపు కిందికి జారుతుంది.

చెక్క తలుపు పెట్టించుకునేవాళ్ళు ఒకటి మరిచిపోకూడదు. రంగు ముందూ వెనకా వేసి ఊరుకుంటారు. పై అంచు, అడుగు అంచు కంటికి కనబడవు కదా, వదిలేస్తారు. తడి ఎక్కేదే అక్కడినుంచి! మా పాత తలుపు తిరగేసి చూస్తే అడుగున చుక్క రంగు లేదు. కాబట్టి బిగించకముందే అంచులకి ప్రైమరూ, రంగూ రెండూ వేయించండి. చిత్రిక పట్టిన ప్రతిసారీ మళ్ళీ వేయించండి.

బయటికి తెరిచినప్పుడు తలుపుమీది నీళ్ళు వసారాలో కారతాయి, నిజమే. ఓ గోనెపట్టా వేశాను, సరిపోయింది. అత్తయ్యగారు మొదట్లో భయపడి తలుపు దగ్గరికి వేసుకుని స్నానం చేసేవారు. ఇప్పుడు గడియ వేసుకుంటున్నారు. నాణెం మాత్రం బయట గూట్లో ఎప్పుడూ ఉంటుంది.

మీ ఇంట్లోనూ తలుపేదైనా పట్టేస్తోందా? వానలు రాకముందే చూసుకోండి!