పాస్‌వర్డా... పద్మవ్యూహమా!

ఊళ్లో అమ్మానాన్నా ఇద్దరే ఉంటారు. పండక్కి వచ్చిన కొడుకు వీధి గుమ్మం పైన ఓ కెమెరా బిగించాడు. గోడకు తగిలించడం, వైఫైకి కలపడం... అంతా పది నిమిషాల పని. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. పాస్‌వర్డ్ పెట్టమంది ఫోను. నాన్న తన పేరు చెప్పారు. ‘సరిపోదు, ఇంకా పొడుగుండాలి’ అంది. పుట్టిన సంవత్సరం తగిలించారు. ‘పెద్దక్షరం ఏదీ’ అంది. అదీ పెడితే ‘ప్రత్యేక గుర్తు కావాలి’ అని మొరాయించింది. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. ‘తలుపు తాళం కొన్నప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదురా!’ అని లేచి వెళ్లిపోయారు.

ఈ విసుగు ఆ ఒక్క ఇంటిదే కాదు. చాలాచోట్ల బిగించడానికి వచ్చిన కుర్రాడే ఏదో ఒకటి పెట్టేసి వెళ్లిపోతాడు. అదేంటో ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు!

ఇంతకీ కెమెరాకు ఎందుకంత పట్టుదల? ఒకప్పుడు ఒక్కో కంపెనీ తన కెమెరాలన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మేది. ఊరందరి తాళాలకీ ఒకటే చెవి అన్నమాట. 2014లో ఓ వెబ్‌సైట్ అలాంటి వేల కెమెరాల దృశ్యాలను ప్రపంచమంతా చూసేలా పెట్టేసింది. 2016లో ‘మిరాయ్’ అనే వైరస్ కంపెనీలు ముందే పెట్టిన 60కి పైగా పాస్‌వర్డ్‌లను వరసగా ప్రయత్నించి లక్షల కెమెరాలు, రౌటర్లు, రికార్డర్లలోకి దూరింది. ఆ దెబ్బకి అక్టోబరు 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. అప్పుడు మొదలయ్యాయి చట్టాలు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ కుదరదంటూ కాలిఫోర్నియాలో 2020 నుంచి, బ్రిటన్‌లో 2024 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మన దేశంలోనూ సీసీ కెమెరాలకు భద్రతా ప్రమాణాలను కేంద్రం 2024లో ప్రకటించింది.

మరి ఈ పెద్దక్షరం, అంకె, గుర్తుల గోల ఎక్కడిది? 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ‘నిస్ట్’లో పనిచేసే బిల్ బర్ రాసిన సూచనలతో అది బాగా పాకింది. తీరా 2017లో ఆయనే, తాను చెప్పినవాటిలో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానన్నారు. అదే ఏడాది నిస్ట్ కూడా మాట మార్చింది. గుర్తులు కలిపేకన్నా పొడుగ్గా ఉండటమే మేలంది. జనం ఎలాగూ పేరు పక్కన 123, చివర @ పెడతారు. దొంగలకూ ఆ సంగతి తెలుసు!

కెమెరాలు మాత్రం ఇంకా పాత పాటే పాడుతుంటే ఏం చేయాలి? సంబంధం లేని నాలుగు మాటలు వరసగా పేర్చుకోవాలి. జామచెట్టు, నులకమంచం, గోంగూర, గాలిపటం... ఇలా అన్నమాట. కెమెరా ఎంత పొడుగుకు ఒప్పుకుంటే అంత. మధ్యలో అది అడిగిన అంకె, గుర్తు పడేస్తే సరి. వేరే చోట వాడింది ఇక్కడ వద్దు. ఓటీపీ సౌకర్యముంటే అదీ పెట్టుకోవాలి. మర్చిపోతామన్న భయముంటే పుస్తకంలో రాసి బీరువాలో దాచుకోవచ్చు. ఇంటర్నెట్ దొంగ బీరువా దాకా రాలేడుగా! కెమెరా డబ్బా మీదో, రౌటర్‌కో మాత్రం అంటించకూడదు.

కొడుకు ఈ కిటుకు చెప్పాక నాన్న మళ్లీ ఫోన్ అందుకున్నారు. ఈసారి రెండు నిమిషాల్లో పనైపోయింది. ఏ మాటలు పేర్చారంటారా? అది మాత్రం అమ్మకి తప్ప ఎవరికీ చెప్పరట!