ఆజ్ఞలోని మాటలను ప్రోగ్రాము ఎలా విడదీస్తుంది?

గోదావరికి వరద వస్తే భద్రాచలంలో అందరి నోటా వినిపించే అంకెలు మూడు: 43, 48, 53. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 1986లో మట్టం 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు పెరిగింది.

నీటిమట్టం ఇస్తే ఎన్నవ హెచ్చరికో చెప్పే చిన్న ప్రోగ్రామును సి భాషలో రాశామనుకుందాం. దాని పేరు 'వరద'. దాన్ని నడపడానికి ఇలా టైపు చేస్తాం:

వరద -ఎమ్ -ఎల్ 16.2

(కంప్యూటరు మీద ఇంగ్లీషు అక్షరాలే వాడాలి సుమా!) ముందు గీత వున్న అక్షరాలను ఆప్షన్లు అంటారు. 'ఎల్' తరువాత వచ్చేది నీటిమట్టం. 'ఎమ్' అంటే ఆ సంఖ్య మీటర్లలో వున్నదని అర్థం. 'ఎమ్' రాయడం మరచిపోతే ప్రోగ్రాము 16.2ను అడుగులనుకుని 'ప్రమాదం లేదు' అంటుంది. నిజానికి 16.2 మీటర్లంటే 53 అడుగుల పైమాటే! ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో చూశారా?

ఇప్పుడు లోపల జరిగేదేమిటో చూద్దాం. మనం టైపు చేసిన వరుసను 'షెల్' అనే ప్రోగ్రాము ఖాళీలున్న చోట ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు మన ప్రోగ్రాములోని 'మెయిన్' ఫంక్షనుకు అందుతాయి. ముక్కలెన్నో చెప్పేది 'ఆర్గ్‌సి'. ముక్కల జాబితా 'ఆర్గ్‌వి'. ప్రోగ్రాము పేరు కూడా లెక్కలోకి వస్తుంది కనుక ఇక్కడ ఆర్గ్‌సి విలువ 4. జాబితాలో వరుస సంఖ్యలు 0 నుండి మొదలవుతాయి. కాబట్టి 'వరద' 0వది, '16.2' 3వది.

వీటిలో ఆప్షన్లను ఏరడానికి 'గెట్‌ఆప్ట్' అనే ఫంక్షను వుంది. ఎ.టి. అండ్ టి. సంస్థ 1985లో దీన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. దీనికి మనం 'ఎమ్, ఎల్, కోలన్' అని వరుసగా రాసి ఇస్తాం. అక్షరం పక్కన కోలన్ వుంటే దాని వెంట ఒక విలువ రావాలని అర్థం. పిలిచినప్పుడల్లా గెట్‌ఆప్ట్ ఒక్కొక్క ఆప్షను అక్షరాన్ని అందిస్తుంది. విలువ వుంటే 'ఆప్ట్‌ఆర్గ్'లో చూపుతుంది. తెలియని అక్షరం వస్తే ప్రశ్నార్థకం ఇస్తుంది. ఆప్షన్లు అయిపోతే -1 ఇస్తుంది.

ఇంకొక సంగతి. '16.2' అప్పటికి సంఖ్య కాదు, వట్టి అక్షరాల వరుస. దాన్ని సంఖ్యగా మార్చే 'ఏటాఫ్' ఫంక్షనుకు సంఖ్య కాని మాట ఇస్తే మారు మాట్లాడక 0 ఇస్తుంది. 0 అడుగులంటే ప్రమాదం లేనట్లే కదా! అందుకే 'స్టర్‌టాడ్' వాడటం మేలు. ఏ అక్షరం దగ్గర ఆగిపోయిందో అది చూపుతుంది. చివరిదాకా చదవకపోతే మనం తప్పును పట్టుకుని, జవాబు చెప్పకుండా ఆపేయవచ్చు.

మీకొక ప్రశ్న: 'వరద -ఎల్ -ఎమ్ 16.2' అని టైపు చేస్తే ఏమవుతుంది? కోలన్ వున్న అక్షరం తన పక్క ముక్కను, అది ఏదైనా సరే, విలువగా తీసుకుంటుందని గుర్తుంచుకుని ఆలోచించండి.