మీకు తెలుసా? పాత కలర్ టీవీ గుట్టు వెనక వైపే!

పాత కలర్ టీవీ ఏ మోడలో తేల్చాలంటే ముందు నుంచి చూసి లాభం లేదు. నంబరు చీటీ సాధారణంగా వెనక అట్ట మీద ఉంటుంది. అది చిరిగిపోతే ఛాసిస్ నంబరే దిక్కు.

అమెరికాలో ఆర్‌సీఏ 1954లో అమ్మిన సీటీ-100నే తీసుకోండి. ధర 1,000 డాలర్లు, పిక్చర్ ట్యూబు మాత్రం 15 అంగుళాలే! ఛాసిస్ సీటీసీ-2.

ట్యూబు మీద 15జీపీ22 అని ఉంటుంది. ముందున్న 15 సైజు. చివరి పీ22 రంగుల ఫాస్ఫర్ పూతకు గుర్తు. నలుపు తెలుపు ట్యూబైతే అక్కడ పీ4 కనిపిస్తుంది. అయితే ఒక్క ట్యూబునే నమ్ముకుంటే బోల్తా పడతారు. అదే ఏడాది వెస్టింగ్‌హౌస్ టీవీలోనూ ఇదే ట్యూబు!

అన్నట్టు, ప్లగ్గు తీశాక కూడా ట్యూబులో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. వెనక అట్ట విప్పే పని మెకానిక్‌దే.