మిగతా ఆరు రోజులు

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీద ఏన్కూరు దాటితే జూలూరుపాడు. దారి పొడవునా పత్తి, మిరప చేలు. లోపలికి పోయేకొద్దీ లంబాడీ తండాలు, కోయగూడేలు, వాటి వెనక అడవి. పాపకొల్లు నుంచో బేతాలపాడు నుంచో మండల కేంద్రానికి రావడం కాళ్లున్నవాళ్లకు లెక్కలోది కాదు. నడవలేని ఎనిమిదేళ్ల పిలగాణ్ని చంకనేసుకుని వచ్చే తల్లికి మాత్రం ఆ రోజు కూలి పోయినట్టే.

పిల్లాణ్ని ఖమ్మం తీసుకుపోతే డాక్టరు చీటీ మీద ‘ఫిజియోథెరపీ’ అని ఒక్క మాట రాస్తాడు. వారానికి మూడుసార్లు రమ్మంటాడు. మిరప కోతల రోజుల్లో ఎవరొస్తారు? రెండు వారాలు తిరిగి, మూడో వారం మానేస్తారు. తల్లికి ప్రేమ తక్కువై కాదు, బస్సు చార్జీ ఎక్కువై. ఇలాంటి పిల్లలకు వైద్యం అందాలంటే అది వాళ్లు రోజూ వెళ్లే చోటికే రావాలి. ఆ చోటు బడి.

భవిత గది

ఉమ్మడి రాష్ట్రంలో సర్వశిక్షా అభియాన్ కింద మొదలైన భవిత కేంద్రాల వెనక ఉన్న ఆలోచన ఇదే. 2018 నుంచి అవి సమగ్ర శిక్ష గొడుగు కిందికి వచ్చాయి. మండల కేంద్రంలో ప్రభుత్వ బడి ఆవరణలోనే ఒక గది. అందులో నిలువుటద్దం, పట్టుకుని నడిచే కడ్డీలు, పెద్ద బంతి, దారానికి గుచ్చే పూసలు, బొమ్మల అట్టలు. పాఠం చెప్పేది ఐఈఆర్పీలు, అంటే సహిత విద్య టీచర్లు. కదల్లేని పిల్లలుంటే వీళ్లే ఇంటికి వెళ్తారు. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లకు ఎస్కార్ట్ అలవెన్సు, రాకపోకలకు ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు కూడా ఈ పథకంలోనే ఉన్నాయి.

ఫిజియోథెరపిస్టు మాత్రం రోజూ ఉండరు. కేంద్రాలన్నీ తిరుగుతూ ఒక్కోచోటికి వారానికో రోజు వస్తారు. మరి మిగతా ఆరు రోజుల సంగతేంటి?

మడమ చెప్పే లెక్క

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడి కాలు చూడండి. దెబ్బ తగిలింది మెదడుకు, బిగుసుకునేది పిక్క కండరం. పిల్లాడు పెరుగుతుంటే ఎముక సాగుతుంది. బిగిసిన కండరం దానికి దీటుగా సాగదు. మడమ నేలకు ఆనడం మానేస్తుంది, పిల్లాడు మునివేళ్ల మీద నిలబడతాడు. అలాగే వదిలేస్తే కీలు అక్కడే బిగుసుకుపోతుంది.

థెరపిస్టు చేసే పని చూడ్డానికి చిన్నది. మడమను అరచేతిలో ఇముడ్చుకుని, అరికాలిని తన ముంజేతికి ఆనించి, మోకాలు వంగకుండా పాదాన్ని మెల్లగా పైకి వంచుతారు. అర నిమిషం పట్టి ఉంచి వదులుతారు. మళ్లీ పడతారు. కుదుపు ఉండకూడదు, ఏడిపించకూడదు. ఇది వారానికి ఒకసారి చేస్తే ఆ ఒక్క రోజుకే సరి. రోజూ చేస్తేనే ఫలితం. కాబట్టి థెరపిస్టు వచ్చిన రోజున అసలు పాఠం తల్లికీ, టీచరుకూ జరగాలి. వాళ్ల చేతికి ఆ పట్టు వచ్చిందో లేదో చూసి వెళ్లాలి.

తరగతి గదిలో చేయాల్సినవి ఇంకా తేలిక. బెంచీ మీద కూర్చున్న పిల్లాడి కాళ్లు గాల్లో వేలాడుతుంటే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చెయ్యి రాయదు. కాళ్ల కింద ఒక చెక్క పెడితే సగం కష్టం తీరుతుంది. పెన్సిల్ జారిపోతుంటే దానికి గుడ్డ చుట్టి లావు చేయాలి. మధ్యాహ్న భోజనం వేళ పక్కవాడు తినిపించకుండా, ఆలస్యమైనా తన ముద్ద తనే నోట్లో పెట్టుకోనివ్వాలి. అది కూడా థెరపీయే, పైసా ఖర్చు లేనిది.

ఇంట్లో మాట్లాడుతుందా?

ఈ అడవి అంచున ఇంకో చిక్కుంది. ఒకటో తరగతిలో నోరు విప్పని పిల్లకు మాట లోపం ఉందనుకోవాలా? ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు, లంబాడీ మాట్లాడే పిల్లకు బడి తెలుగే కొత్త భాష. దానికి స్పీచ్ థెరపీ అక్కర్లేదు, ఓపిక చాలు. దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఇంకా ప్రమాదం. నిజంగా చెవి వినపడని పిల్లను ‘తెలుగు రాదులే’ అని మూడేళ్లు వెనక బెంచీలో కూర్చోబెట్టేస్తాం. తల్లిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘మీ భాషలో ఇంట్లో మాట్లాడుతుందా?’ లేదని చెబితే ఆ వారమే చెవి పరీక్ష చేయించాలి.

కాగితం మీద హక్కు

1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజంతో పాటు గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బు కూడా అందులో చేరింది. నొప్పులతో నెలకు నాలుగు రోజులు బడి మానే పిల్లాడు బద్ధకస్తుడు కాడని చట్టమే చెప్పినట్టు. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. బడి పిల్లల్లో వైకల్యాలను గుర్తించడానికి అయిదేళ్లకోసారి సర్వే చేయాలనీ ఆ చట్టంలో ఉంది. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని నిష్పత్తి చెప్పింది.

ఆ పని చేస్తున్న ఐఈఆర్పీలు మాత్రం ఏళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నారు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు రెగ్యులరైజ్ చేయాలంటూ తెలంగాణ అంతటా సమ్మెకు దిగారు. పిల్లాడి మడమకు రోజూ చెయ్యి కావాలంటే, ఆ చేతికి రేపటి మీద భరోసా ఉండాలి. పోస్టులు మంజూరు చేయాల్సింది ప్రభుత్వం. అడగాల్సింది మనం.

ఈలోగా మీరు టీచరైతే, రేపు తరగతిలోకి వెళ్లగానే ఒకసారి వంగి బెంచీల కిందికి చూడండి. ఎవరి కాళ్లయినా నేలకు అందకుండా వేలాడుతుంటే, ఒక చెక్క వెతికి కింద పెట్టండి.